వాన రాత్రుల కాపలా

విజయవాడ నుంచి ఒక పెద్దావిడ రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు వెల్లడించవద్దని కోరారు కనుక, ఇంటివారిని గుర్తుపట్టే వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 71 ఏళ్లు. పుట్టి పెరిగింది దివిసీమలో, రాత్రి వేళ సముద్రపు హోరు వినిపించే ఊళ్లో. తనకు ఊహ తెలిశాక మొదటి భయం 1962 ఫిబ్రవరిలో వచ్చిన అష్టగ్రహ కూటమి అని రాశారు. గ్రహాలన్నీ ఒకే రాశిలో చేరుతున్నాయి, లోకం మునిగిపోతుంది అని పెద్దలు చెప్పుకుంటుంటే విని, రామాలయంలో భజన సాగినంతసేపూ తల్లి ఒడిలో ముడుచుకుని కూర్చున్నారట. ఏమీ జరగలేదు. అదే ఏడాది చైనాతో యుద్ధం వచ్చింది, ఆ తర్వాత పాకిస్తాన్‌తో రెండు యుద్ధాలు వచ్చాయి. 1971 డిసెంబరులో విశాఖపట్నంలో దీపాలు ఆర్పుకుని గడిపిన రాత్రుల గురించి అక్కడ రేవులో పనిచేసే మేనమామ వచ్చి చెబితే, ఇంట్లో అందరూ గుండెలు చిక్కబట్టుకుని విన్నారట.

1977లో నాగుల చవితికి పుట్టింటికి వచ్చారు. అప్పటికి 22 ఏళ్లు, పెళ్లయి ఏడాది. నవంబరు 19, శనివారం. రేడియోలో తుఫాను అన్న మాట వినపడింది గానీ, సముద్రమే ఊళ్లోకి నడిచి వస్తుందని చెప్పినవారు లేరు. చీకటి పడే వేళకు ఉప్పెన వచ్చింది. పదకొండేళ్ల తమ్ముణ్ణి లాక్కుని ఇంటి వెనుక చింతచెట్టు ఎక్కి, తన చీర కొంగుతో వాణ్ణి తనకూ కొమ్మకూ కలిపి ముడి వేశారు. “తెల్లవారుజామున ఒక్క క్షణం కన్ను మూతపడింది. తెరిచేసరికి ముడి ఊడి ఉంది” అని రాసి, ఆ పేరాను అక్కడే ఆపేశారు. తల్లి కూడా ఆ రాత్రే పోయారని పక్కన సన్నటి అక్షరాలతో రాశారు.

ఆ తర్వాతి జీవితాన్ని తేదీల వారీగా రాసుకొచ్చారు. 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని అత్తవారి ఊళ్లో పెంచుకున్న కోళ్లన్నీ కోసుకు తిన్నారు. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరానికే పెద్ద తుఫాను వచ్చింది. 1996లో కోనసీమ తుఫాను, 2004లో సునామీ, 2009లో కృష్ణ వరద, 2012లో యుగాంతమన్న ప్రచారం, 2014లో హుద్‌హుద్ తుఫాను. 2021 మేలో కరోనా రెండో అలలో భర్త పోయారు. చివరి చూపు ప్లాస్టిక్ సంచీ మీదుగానే దక్కింది. 2023లో ఒకరోజు ఫోన్ సైరన్‌లా అరిస్తే చేతిలోని పాలగిన్నె జారవిడిచారు. అది ప్రభుత్వం పంపిన నమూనా హెచ్చరిక అని కొడుకు తర్వాత చెప్పాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్‌లోని వారి ఇంట్లోకి వచ్చాయి. మూడు రోజులు డాబా మీదే గడిపారు. “చెప్పినవేవీ రాలేదు, వచ్చినవేవీ చెప్పి రాలేదు. అందుకే ఎవరూ ఏమీ చెప్పని రోజునే నాకు ఎక్కువ భయం” అని రాశారు.

ఇక ఇప్పటి కష్టం. వాన పడిన రాత్రి ఆమె నిద్రపోరు. టార్చిలైటు పట్టుకుని వీధి తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఫోన్‌లో తుఫాను వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తారు. కొంగుకు ముడి వేసి పిడికిట్లో పట్టుకుంటారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర వాన లేని రోజుల్లో సగం వేసుకుంటారు. వాన రోజున మాత్రం నిద్ర పడుతుందేమోనన్న భయంతో వేసుకోరు. 2025 అక్టోబరు 28 రాత్రి, మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాక, జ్వరంతో ఉన్న పదేళ్ల మనవరాలితో సహా ఇంటిల్లిపాదినీ రెండు గంటలకు లేపి డాబా మీదికి పదమన్నారు. కొడుకు ఫోన్ లాక్కుని, “నువ్వు భయపడితే భయపడమ్మా, పిల్లని భయపెట్టకు” అన్నాడు. వారం తర్వాత చినుకులు పడుతుంటే మనవరాలు తన చేతిరుమాలుకు ముడి వేసి దిండు కింద పెట్టుకుంటోంది. ఎందుకని తల్లి అడిగితే “నానమ్మ వేస్తుందిగా” అంది. అప్పటి నుంచి కోడలు పిల్లను ఆమె గదిలో పడుకోనివ్వడం లేదు.

ఆమె అడిగినవి: ఇది పిచ్చా? హైదరాబాదులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోనా, లేక దివిసీమలో మరిది కుటుంబం పక్కన తాళం వేసి ఉన్న మా ఇంటికి పోనా? పిల్లకు ఆ రాత్రి సంగతి చెప్పవచ్చా? కొంగు ముడి మానేయాలా?

అమ్మా,

ముందుగా మీ మొదటి ప్రశ్న. ఇది పిచ్చి కాదు. అలాగని మీ అబ్బాయి అనుకుంటున్నట్టు వట్టి అలవాటూ కాదు. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను. మీరు రాసిన ఒక వాక్యం మీ భయానికంతటికీ దూలంలా ఉంది కనుక, ముందు దాని దగ్గర కాస్త ఆగుతాను.

చెప్పినవేవీ రాలేదు, వచ్చినవేవీ చెప్పి రాలేదు అన్నారు. మీరు చూసినదాన్ని బట్టి ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థమైంది. అష్టగ్రహ కూటమితో వస్తుందన్న ప్రళయం రాలేదు, స్కైలాబ్ ఎక్కడో హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది, యుగాంతమూ అంతే. ఉప్పెన మాత్రం చెప్పకుండా వచ్చి దాదాపు పది వేల మందిని తీసుకుపోయింది. ఇరవై రెండేళ్ల మనిషి ఆ రాత్రి నుంచి నేర్చుకోగలిగిన పాఠం అదొక్కటే. కానీ ఆ పట్టికలో మీరు ఒక్క మాటతో దాటేసిన 1990ని ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. మే 9న వచ్చిన ఆ తుఫాను బలంలో 1977 తుఫానుకు తీసిపోయేది కాదు, దాని దెబ్బ తగిలిందీ ఆ కృష్ణా తీరానికే. అది చెప్పి వచ్చింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తీరం నుంచి తరలించారు, ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు అప్పటికి నిలబడి ఉన్నాయి. పోయినవారి సంఖ్య వెయ్యి లోపే ఉంది. వెయ్యి చిన్న సంఖ్య అని నేను అనను. ఒక్క ప్రాణం ఎంత బరువో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా పది వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న మనుషులంతా, చెప్పి వచ్చింది కాబట్టి బతికినవారే. వారిలో మీ అత్తవారి ఊరివారు కూడా ఉండవచ్చు.

2014లో హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు నగరంలో పచ్చటి చెట్టు మిగల్లేదు, ప్రాణనష్టం మాత్రం పదుల్లోనే ఆగింది. అదీ చెప్పి వచ్చిందే. సునామీ నాడు మన సముద్రానికి హెచ్చరిక చెప్పే వ్యవస్థే లేదు, మన తీరంలోనూ వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాతే 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది, అక్కడ రాత్రీ పగలూ మనుషులు మేలుకుని ఉంటారు. మచిలీపట్నంలో ఇప్పుడు వానమేఘాలను, గాలి వేగాన్ని దూరం నుంచే పట్టే డాప్లర్ రాడార్ ఉంది. ఈ మాటలు మిమ్మల్ని ఊరడించడానికి రాయడం లేదు. మీరు ఒంటరిగా కుర్చీలో కూర్చుని చేస్తున్న కాపలాను మీరు చెట్టు మీద ఉన్న రాత్రి ఇంత గట్టిగా ఎవరూ చేయలేదు. ఇప్పుడు జీతం తీసుకుని చేసేవారున్నారు. ఆ తేడా మీ పట్టికలో చేరలేదు.

అయితే బుడమేరు విషయంలో మీ మాటే నిజమని ఒప్పుకోవాలి. గండ్లు పడ్డాక నీళ్లు మీ వీధికి చేరేలోపు ఎవరూ వచ్చి చెప్పలేదని రాశారు. ఆ ఆదివారం పొద్దున సింగ్ నగర్ వాసులు ఎందరో చెప్పిన మాట కూడా అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 2009 నాటి రికార్డు వైపు పెరుగుతోందని (మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులతో దాన్ని దాటింది కూడా) అందరి చూపూ కృష్ణ మీద ఉన్నప్పుడు, పక్క నుంచి వాగు వచ్చింది. కనుక మీ సూత్రం పూర్తిగా అబద్ధమని నేను కొట్టివేయను. కొన్ని చెప్పి వస్తాయి, కొన్ని చెప్పకుండా వస్తాయి, కొన్ని చెప్పి కూడా రావు. ఈ మూడింటినీ వేరు చేసి చూడగలిగితే, మొదటిదానికి కబురు వినాలి, రెండోదానికి ఇల్లు సిద్ధంగా ఉండాలి, మూడోదానికి ఏమీ చేయనక్కరలేదు. మీరు మాత్రం మూడింటికీ ఒకే పని చేస్తున్నారు, మేలుకుని కూర్చుంటున్నారు.

ఇక్కడ మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన భాగం గురించి చెప్పాలి. బుడమేరు రాకముందే మీరు అటక మీద ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంచారు. అందులో అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు, రెండు అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు, మీ బీపీ మందులు. వానాకాలమంతా రెండు బిందెల నిండా కాచిన నీళ్లు. ఇంట్లోవారు నవ్వేవారు. ఆ మూడు రోజులూ డాబా మీద ఆ అటుకులే మీ ఇంటికీ, పక్క ఇంటి బాలింతకూ ఆకలి తీర్చాయి. దస్తావేజులు తడవని ఇల్లు ఆ వరుసలో మీదొక్కటే అని మీరే రాశారు. అమ్మా, మీ భయం చేసిన పని అది, మంచి పని. దాన్ని మీ ఇంట్లోవారు మరచిపోకూడదు, మీరూ మరచిపోకూడదు. అయితే ఒక్కటి గమనించండి: మిమ్మల్ని కాపాడింది డబ్బా. మీరు ముందు రాత్రి నిద్రపోకుండా కూర్చోవడం వల్ల నీళ్లు ఒక్క గంట ఆలస్యంగా రాలేదు, ఒక్క అంగుళం తగ్గలేదు. డబ్బా సర్దడం రాత్రి తొమ్మిదింటికి అయిపోయే పని. ఆ తర్వాత మొదలయ్యే కాపలా వేరే చోటి నుంచి వస్తోంది. ఎక్కడి నుంచో మీకు తెలుసు. కన్ను మూతపడింది, తెరిచేసరికి ముడి ఊడి ఉంది అన్న ఆ రెండు వాక్యాల నుంచి.

తప్పు మీది కాదు అని ఒక్క ముక్క రాసేసి ముందుకు పోవచ్చు. ఆ ముక్క మీకు చాలామందే చెప్పి ఉంటారు, లేదా మీరు ఎవరికీ చెప్పలేదు కనుక చెప్పే అవకాశం ఎవరికీ వచ్చి ఉండదు. నేను రాసినంత మాత్రాన నలభై ఎనిమిదేళ్ల బరువు దిగిపోదని నాకు తెలుసు. నాకు తెలిసినది మాత్రం చెబుతాను. ఆ రాత్రి తాటిచెట్లు పట్టుకున్నవారు, తుమ్మ కొమ్మలు పట్టుకుని ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నవారు, దూలాల మీద తేలినవారు దివిసీమ పొడవునా ఉన్నారు. వారి చేతుల్లోంచి పిల్లలు జారిపోయారు, కన్ను మూయనివారి చేతుల్లోంచి కూడా జారిపోయారు. గంటల తరబడి చలిలో, ఉప్పునీటిలో తడిసిన పదకొండేళ్ల ఒంట్లో ఎంత శక్తి మిగిలి ఉంటుందో, ఆ ముడి ఎప్పుడు ఊడిందో, మీ కన్ను మూతపడక ముందా తర్వాతా అన్నది మీకూ తెలియదు. తెలియని చోట మీరు మీ కన్నును పెట్టారు. అప్పటి నుంచి ప్రతి వాన రాత్రీ ఆ కన్ను మూతపడకుండా చూసుకుంటున్నారు.

వైద్యులు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరుతో పిలవవచ్చు. పిలుస్తారో లేదో మిమ్మల్ని చూసి వైద్యులు తేల్చాలి గానీ ఉత్తరం చదివి నేను తేల్చకూడదు. ప్రాణం మీదికి వచ్చిన సంఘటన ఏళ్లు గడిచినా చల్లారకుండా, ఒక వాసనకో చప్పుడుకో మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒంట్లో లేవడం, నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం, తన వల్లే జరిగిందన్న భావన వదలకపోవడం దాని లక్షణాలు. భర్త పోవడం, వరద రావడం వంటి కొత్త దెబ్బలతో అది ముసలితనంలో తిరగబెట్టడం వింతేమీ కాదు. దీనికి చికిత్స ఉంది. కొంత మాటలతో జరిగే చికిత్స, అవసరమైతే మందులు కూడా. ఏ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక కష్టంలో ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. గుండెదడకు వేరే కారణం ఉందేమో, బీపీ, థైరాయిడ్, గుండె పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి.

నిద్రమాత్ర విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెబుతున్నాను. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆ మాత్రలు మీ వయసువారికి తూలు తెప్పిస్తాయి, రాత్రి బాత్రూముకు వెళ్తూ పడితే తుంటి ఎముక విరుగుతుంది, మతిమరుపు పెరుగుతుంది. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. చాలా రోజులుగా వేసుకుంటూ ఉంటే హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే. ఆ స్ట్రిప్పును వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి చూపించి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి.

ఇప్పుడు ఎక్కడ ఉండాలన్నది. దివిసీమ ఇంటి మాట రాసేటప్పుడు మీ చేతిరాత కాస్త కుదురుగా ఉంది, నేను గమనించాను. అక్కడ మీరు ఏమీ వివరించనక్కరలేదు. నవంబరు 19 అంటే ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు, మీలాగే వాన రాత్రి కూర్చునేవారు ఆ వీధిలో మరో ఇద్దరు ముగ్గురు ఉంటారు, పిలిస్తే పలికే దూరంలో మరిదిగారి కుటుంబం ఉంది. అది నిజమైన ఊరట. కానీ రాత్రి పది దాటాక తలుపు వేసుకుంటే ఆ ఇంట్లో మీరొక్కరే. అది సముద్రానికి ఇంకా దగ్గర. ఒంట్లో బాగా లేకపోతే పెద్ద ఆసుపత్రికి రావడానికి మళ్లీ ఈ విజయవాడకే రావాలి. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది ఇది: మీరు కోపంతోనో చిన్నబుచ్చుకునో వెళ్తే, మీ మనవరాలు తన చేతిరుమాలు ముడి వల్లే నానమ్మ వెళ్లిపోయిందని అనుకుంటుంది. మీరు మీ కన్నును నిందించుకున్నట్టే ఆ పిల్ల తన రుమాలును నిందించుకుంటుంది. పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ల కష్టానికి కారణం తమలోనే వెతుక్కుంటారు. కనుక వెళ్లాలనుకుంటే, తిరిగివచ్చే తేదీ ముందే చెప్పి, పండగలకో, వేసవికో, నవంబరులో ఒక వారమో వెళ్లండి. ఇల్లు వదలడంగా కాక, ఇల్లు చూసి రావడంగా ఉండాలి.

హైదరాబాదు సముద్రానికి దూరం కదా అని రాశారు. దూరమే. కానీ నీళ్లకు దూరం కాదు. 2020 అక్టోబరులో ఆ నగరంలో కాలనీలు ఎలా మునిగాయో టీవీలో చూసే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని మింగింది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఒక పాత చింతచెట్టు ఉంది. ఆ వరదలో దాదాపు నూట యాభై మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. మీ చెట్టు కూడా చింతచెట్టే కనుక చెబుతున్నాను. కూతురి దగ్గరికి వెళ్తే ఆమెను వెంటబెట్టుకుని ఒకసారి ఆ చెట్టును చూసి రండి. కానీ భయం నుంచి దూరంగా పోవడానికి హైదరాబాదు వెళ్తే, మీ సామాను సర్దేటప్పుడు భయం కూడా పెట్టెలో ఎక్కుతుంది, అక్కడ ఏ కాలువ ఎటు పారుతుందో మీకు తెలియదు కాబట్టి మొదటి వానకే ఇక్కడికంటే ఎక్కువ కంగారు పడతారు. కూతురి మీద ప్రేమతో, అక్కడి పిల్లలతో గడపాలని వెళ్తే అది వేరు.

ఉన్నచోటే ఉండాలనుకుంటే, ఇంట్లో ఒక ఒప్పందం కావాలి. మీ అబ్బాయి ఫోన్ లాక్కోవడం సరికాదు. డెబ్బై దాటిన తల్లి చేతిలోంచి వస్తువు లాక్కునేవారు ఆమెను పిల్లతో సమానం చేస్తున్నారు. కానీ ఆ ఫోన్‌లో మీరు చూస్తున్నవి వాతావరణ హెచ్చరికలు కావు. “ముంచుకొస్తున్న ప్రళయం” అని ఎర్ర అక్షరాలతో వచ్చే వీడియోలు చేసేవారికి మీ నిద్రతో పని లేదు, మీరు చూడడంతోనే పని. బంగాళాఖాతంలో ఏడాదికి ఎన్నో అల్పపీడనాలు పుడతాయి; వాటిలో కొన్నే వాయుగుండాలవుతాయి, వాటిలోనూ కొన్నే గంటకు 62 కిలోమీటర్ల గాలిని దాటి తుఫాను అనిపించుకుంటాయి, వాటిలోనూ కొన్నే మన వైపు తిరుగుతాయి. ఆ వీడియోల్లో మాత్రం ప్రతి అల్పపీడనమూ ప్రళయమే. కనుక అబ్బాయితో ఇలా మాట్లాడి చూడండి: ఫోన్ నాకు ఇవ్వు, ఆ వీడియోలు తీసెయ్యి, విపత్తుల నిర్వహణ సంస్థ సందేశాలు మాత్రం రానివ్వు. పొద్దున ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి ఆకాశవాణి వార్తలు వింటాను. వాయుగుండం అన్న మాట వచ్చేదాకా డబ్బా దించను. తుఫాను అన్న మాట వస్తే ఆ రాత్రి మేలుకోవడం మనం వంతులు వేసుకుందాం, రెండింటి దాకా నువ్వు, తర్వాత నేను.

ఆ వంతుల మాట నాకు ముఖ్యమైనది. మీ కాపలాను ఒక్కసారిగా మానేయమంటే మీ వల్ల కాదు, అలా అడగడం కూడా క్రూరం. కానీ మరొకరు మేలుకుని ఉన్నారని తెలిసి రెండు గంటలు కన్ను మూయడం మీరు 1977 తర్వాత చేయని పని. మొదటిసారి నిద్ర రాకపోవచ్చు. కళ్లు మూసుకుని పడుకోండి చాలు. అబ్బాయి ఆ కుర్చీలో కూర్చుని ఉంటాడు. వర్షాకాలం మొదలయ్యాక రెండు మూడు మామూలు వానలకే ఇది చేసి చూస్తే, పెద్ద గాలివాన వచ్చేనాటికి ఇద్దరికీ అలవాటవుతుంది. దీనికి అబ్బాయి ఒప్పుకోకపోతే, ఈ కాగితం చూపించండి. నాయనా, నీకు ఇది రాస్తున్నాను: మీ అమ్మ నిన్ను ఆ రాత్రి రెండింటికి లేపింది వెర్రితో కాదు, ఇంకొక పిల్లను పోగొట్టుకోకూడదని. ఒక గంట కూర్చోవడానికి నీకు పోయేదేమీ లేదు.

మీ కోడలిని గురించి మీరు కష్టపడి రాశారు. పిల్లను నా నుంచి వేరు చేసిందని అన్నారు. ఆమె వైపు నుంచి చూస్తే, జ్వరంతో ఉన్న పిల్లను వానలో డాబా మీదికి ఎక్కించవలసి వచ్చిన రాత్రి అది, ఆ తర్వాత దిండు కింద ఆ ముడి కనబడింది. ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ ముడి ఏమిటో ఆమెకు తెలియదు. ఏదో మూఢాచారం నేర్పుతున్నారని అనుకుని ఉంటుంది. మీరు మీ తమ్ముడి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ, మీ భర్తకు తప్ప, చెప్పలేదని రాశారు. చెప్పకపోతే వారికి ఎలా తెలుస్తుంది?

కనుక మీ మూడో ప్రశ్నకు నా అభిప్రాయం: పిల్లకు చెప్పవచ్చు, కానీ మొదట పిల్లకు కాదు. ముందు అబ్బాయికీ కోడలికీ చెప్పండి, ఒక పగటిపూట, వాన లేని రోజున. అప్పుడు మీకు కన్నీళ్లు వస్తే రానివ్వండి. పిల్ల ఎదుట మొదటిసారి చెబితే, ఆ కన్నీళ్లను మోయడం ఆ పిల్ల పని అవుతుంది. పెద్దవాళ్లు తెలుసుకున్నాక, పిల్ల అడిగినప్పుడు, అడిగినంత మేరకే చెప్పండి. అసలు ఏమీ చెప్పకపోతే ఏమవుతుందో మీరు ఇప్పటికే చూశారు: కథ తెలియకపోయినా ముడి వెళ్లి చేరింది. అన్నీ చెప్పేస్తే, ఊడిన ముడితో సహా, పదేళ్ల పిల్లకు అది మోయలేనంత. ఈ రెంటికీ మధ్య చోటు ఉంది. చిన్నప్పుడు మా ఊళ్లోకి సముద్రం వచ్చింది, మా తమ్ముడు అందులో పోయాడు, వాన పడితే నాకు వాడు గుర్తొస్తాడు, అందుకే ముడి వేసుకుంటాను, నువ్వు వేసుకోనక్కరలేదు, నీ కోసం డబ్బా ఉంది, నాన్న ఉన్నాడు. ఇంతే చాలు ఇప్పటికి. ఆ డబ్బా సర్దే పనిలో పిల్లను కలుపుకోండి. అటుకుల గడువు ఎప్పటికో చూడడం, అగ్గిపెట్టెలకు కవరు చుట్టడం, బిందెల మీద మూతలు పెట్టడం ఆ వయసు పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు. చేతికి పని ఉన్న పిల్లకు భయం ఎక్కువసేపు నిలవదు. కోడలు కూడా దీనికి అడ్డు చెప్పరని నా నమ్మకం. చెప్పినా, కొన్నాళ్లు ఓపిక పట్టండి, పిల్ల మీ గదికి తిరిగి రావడానికి తొందర పెట్టకండి.

కొంగు ముడి మానేయాలా అని అడిగారు. మానమని నేను చెప్పను. మీ నాలుగు పేజీల్లో హుద్‌హుద్, మొంథా పేర్లు ఉన్నాయి, బుడమేరు ఉంది, అటుకులు పెట్టిన పక్కింటి బాలింత పేరు ఉంది, మీ మనవరాలి ముద్దుపేరు ఏడుసార్లు ఉంది. మీ తమ్ముడి పేరు మాత్రం ఎక్కడా లేదు. వాడు, వాణ్ణి అనే రాశారు. నాకు రాయనక్కరలేదమ్మా. అబ్బాయిని, కోడలిని కూర్చోబెట్టుకున్న రోజున కథను గాలితో మొదలుపెట్టకండి, నీళ్లతోనూ మొదలుపెట్టకండి. ఆ పేరు చెప్పండి. వాడు ఏ క్లాసు చదివేవాడో, సాయంత్రం ఎవరితో ఆడుకోవడానికి పరుగెత్తేవాడో, మీరు నాగుల చవితికి వచ్చినప్పుడు బస్సు దగ్గరికి ఎదురొచ్చి ఏమడిగాడో, అక్కడ మొదలుపెట్టండి.